సిద్దిరాములు రెండో చావు

ఆ సోమవారం పొద్దున పర్శరాములు ఉతికిన ధోవతి కట్టి, రేకుపెట్టెలోంచి తండ్రి వీలునామా తీసి చంకలో పెట్టుకున్నాడు. తాలూకా కచేరీకి పోయి ఇల్లు తన పేర మార్పించుకోవాలి. తర్వాత దాన్ని అమ్మేసి భివండి పోయి మిల్లులో చేరాలి. కచేరీ పని ఎంతసేపు, భోజనం వేళకు తిరిగి రావచ్చనుకున్నాడు.

తండ్రి సిద్దిరాములు ఇంగ్లీషువాళ్ల కాలంలో బొంబాయి మిల్లులో పదిహేనేళ్లు పనిచేసి, ఆ సంపాదనతో కరీంనగర్ జిల్లాలోని ఈ నేతకారుల ఊళ్లో రెండర్రల పెంకుటిల్లు కట్టాడు. వీలునామా బొంబాయిలోనే మరాఠీలో రాయించాడు. కాగితం నెత్తిన రాజుగారి తలకాయ ముద్ర ఉంది. లోపలేముందో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఒక్కడే కొడుకు, ఇంకేం రాసుంటాడని పర్శరాములు ధీమా.

వెనకర్రలో అక్క దేవవ్వ కండెలు చుడుతోంది. మొగుడు పోయి ఆమె పుట్టింటికి వచ్చి పదిహేనేళ్లు.

"ఇల్లమ్మితె నేనెక్కడుండాలె తమ్మీ?"

"నువ్వు ఫికర్ చెయ్యకక్కా. ఏదో ఒకటి జూస్త."

ఏదో ఒకటి అంటే ఏమీ లేదని ఇద్దరికీ తెలుసు.

కచేరీలో గుమాస్తా నాగయ్య వీలునామాను ముట్టుకోలేదు. "ముందుగాల సావు, ఎనుక వీలునామా. మీ బాపు ఎప్పుడు పోయిండు?"

"పన్నెండేండ్లాయె సాబ్."

నాగయ్య నేతకారుల సంఘం పంపిన జాబితా తీసి వేలు పెట్టి చూపించాడు. "మరి మొన్న ఐదో తారీకు నూలు తీస్కున్నదెవలు? గిదో, వేలిముద్ర!"

పర్శరాములు ఎడమ బొటనవేలు పిడికిట్లో దాచుకున్నాడు. ఆ ముద్ర దానిదే. యుద్ధం రోజుల్లో నూలుకు కరువొచ్చి సంఘం మనిషికింత అని పంచడం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే సిద్దిరాములు పోయాడు. చావు బయటపడితే ఒక మనిషి నూలు తగ్గుతుందని తెల్లారకముందే సాగనంపారు. దేవవ్వ గొల్లుమనబోతే పర్శరాములు ఆమె నోటికి చెయ్యి అడ్డుపెట్టాడు. బతుకంతా బట్ట నేసినవాడికి మీద కప్పడానికి కొత్త బట్ట కూడా దొరకలేదు. అప్పటి నుంచి నెలనెలా కుడి బొటనవేలు కొడుకుది, ఎడమది తండ్రిది. ఆ వాడలో ఇలాంటి పెద్దలు ఇంటికొకరున్నారు కనుక ఎవరూ ఎవరినీ అడగలేదు.

అతను సంఘం కార్యదర్శి దశరథం దగ్గరికి పరుగెత్తాడు. పేరు కొట్టెయ్యమంటే దశరథం మండిపడ్డాడు. "పన్నెండేండ్లు పీనుగకు నూలిచ్చినమని రాయాల్నా? ఇద్దరం జైల్లుంటం!" అప్పటికప్పుడే కచేరీకి ఉత్తరం రాసి పంపాడు. సభ్యుడు సిద్దిరాములు, వయసు ఎనభై రెండు, క్షేమం, నేటికీ మగ్గం మీదే ఉన్నాడు.

ఉత్తరం మరీ బాగా పనిచేసింది. బుధవారం దశరథం రొప్పుతూ వచ్చాడు.

"కొంప మునిగింది! కరీంనగరు నుంచి పెద్దాఫీసరు వస్తుండు. గీ వయసుల గూడ నేస్తుండని మీ బాపుకు శాలువ కప్పుతడట. శుక్రారం లోపట ముసలాయన సావాలె."

"మల్లనా?"

"మల్లనే. ఆదిలాబాదుల సుట్టాలింటికి పోయిండు, పానం ఆడనే పోయింది, కాటి పని ఆడనే అయిపోయింది. పీనుగ లేదు, పరేషాన్ లేదు."

పర్శరాములు గుండు గీయించుకుని గడపలో కూర్చున్నాడు. వాడంతా వచ్చింది. దేవవ్వ ఏదో పేరుకు నాలుగు కన్నీటి చుక్కలు రాల్చాలని ఒప్పందం. ఆమె మగ్గం గుంట దగ్గర కూలబడి అందుకుంది. "బాపూ, పన్నెండేండ్లు నిన్ను ఏడ్వనియ్యకపోతిరి బాపూ! కొత్త బట్టన్న కప్పకపోతిరి!" దశరథం గట్టిగా దగ్గాడు. అయినా ఆమె ఆగలేదు. ఆమెను చూసి మిగతా ఆడవాళ్లూ అందుకున్నారు. ప్రతి ఇంట్లోనూ ఏడవకుండా దాచిన చావు ఒకటుంది. పర్శరాములు తలెత్తలేకపోయాడు.

శుక్రవారం వచ్చిన ఆఫీసరు గుండును చూసి బాధపడి, తెచ్చిన శాలువాను మగ్గం మీద కప్పి పోయాడు. ఆయన వెళ్లాక దేవవ్వ దాన్ని మడిచి గుండెకు హత్తుకుంది.

మరుసటి వారం పర్శరాములు దశరథం ఇప్పించిన మరణ ధ్రువపత్రంతో కచేరీకి వెళ్లాడు. ఆదిలాబాద్‌లో పనిచేసి మరాఠీ నేర్చిన నాగయ్య అప్పుడు వీలునామా విప్పాడు.

"ఇల్లు కొడుక్కే అని రాసిండు." పర్శరాములు ముఖం విప్పారింది. "గని సాక్షుల దస్కతులు లేవు. రాజు తలకాయ సాక్షి కాదు. గీ కాయితం చెల్లది."

"ఒక్కణ్నే కొడుకును సాబ్!"

"పన్నెండేండ్ల కింద పోయుంటె మొత్తం నీదే. పోయినేడు కొత్త కానూనొచ్చింది. మొన్న పోయిండు కద, బిడ్డకు సగం. ఆమె ఒప్పుకోకుంటె ఇల్లు అమ్మరాదు."

పన్నెండేళ్ల కిందటే పోయాడన్న మాట పర్శరాములు నాలుక చివరిదాకా వచ్చింది. చేతిలోని పత్రం మీద ముద్ర చూసి మింగేశాడు.

ఇంటికొచ్చి, అక్క ముందు కూర్చుని సంగతంతా చెప్పాడు. పరామర్శకు వచ్చినవాళ్లు ఇంకా వాకిట్లోనే ఉన్నారు.

"నువ్వు జర వేలేస్తె చాలక్కా."

దేవవ్వ కండె చుట్టడం ఆపలేదు. "బాపు పోయి పదిహేను దినాలు గాలే. యాడాది మాసికం గాకముందే ఇల్లమ్ముతరా తమ్మీ? నలుగురేమనుకుంటరు?"

వాకిట్లో ఉన్న నలుగురూ నిజమేనన్నారు.

సిద్దిరాములు నూలు మాత్రం ఆ నెల నుంచే ఆగిపోయింది.