హన్మంతు మెచ్చిన పీనుగుల సినిమా

"ఖాజా, తలుపు తియ్యి! జల్ది తియ్యి!"

టాకీసు యజమాని అజీముద్దీన్ గొంతు అది. ఆపరేటర్ ఖాజా గడియ తీయగానే ఆయన ప్రొజెక్టర్ గదిలోకి దూరి, మళ్లీ గడియ వేసి, తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు. తల మీద టోపీ లేదు. ఒక కాలికి చెప్పు లేదు.

"ఆడోళ్లు," అన్నాడు.

కేకలు పైదాకా వినిపిస్తున్నాయి. మాట్నీ ముగిసి ఐదు నిమిషాలైంది. మహమ్మద్‌నగర్ నుంచి రెండు ట్రాక్టర్లలో ఎల్లారెడ్డి వచ్చిన ఆడవాళ్లంతా టాకీసు మెట్ల కింద గుమిగూడారు. వాళ్ల ముందు అనసూయమ్మ. ఆమె చేతిలో హన్మంతు కాలరు.

హన్మంతు మహమ్మద్‌నగర్‌లో ఎరువుల దుకాణం గుమాస్తా. ఏ కొత్త సినిమా వచ్చినా మొదటిరోజే చూసి, మర్నాడు పొద్దున చాయ్ హోటల్ ముందు తీర్పు చెప్తాడు. అతను బాగుందంటే ఊరు కదులుతుంది. ఈసారి వచ్చింది పీనుగులు సమాధుల్లోంచి లేచి మనుషుల్ని పీక్కుతినే హిందీ సినిమా. ఈ ఉదయం హన్మంతు చెప్పిన తీర్పు ఇది: "పెండ్లి సినిమా. ఇంటిల్లిపాది చూడాలె. ముసలోళ్లను తప్పక తోల్కపోండ్రి."

తోల్కొచ్చారు. అనసూయమ్మ అత్త భూదవ్వ ఇప్పుడు హాల్లో కుర్చీ కింద ఉంది. బయటికి రానంటోంది.

"ఏందిరా హన్మంతూ! పెండ్లి సినిమా అంటివి. పెండ్లి కొడుకును పీనుగులు కొరికె. వాడు గూడ పీనుగై పెండ్లి పిల్లను తినె!"

"అట్లెట్లయితది అక్కా? నిన్న నేను కండ్లార చూసిన. ముందుగాల పిల్లను తిన్నడు. తర్వాత పెండ్లయింది."

"తిన్నోనికి పిల్లను ఎవడిచ్చిండ్రా?"

"పిల్ల తండ్రే ఇచ్చిండు. ఆయనను గూడ తిన్నరు గని ఇంటర్వెల్ అయినంక మంచిగయిండు. అందరు మంచిగయిండ్రు, ఒక్కని ఒంటి మీద గాటు లేదు. సినిమా పేరు, ఆక్టర్ల పేర్లు గూడ ఇంటర్వెల్ అయినంకనే ఏసిండ్రు. కొత్త పద్ధతి."

పై గదిలో అజీముద్దీన్ మెల్లగా తల తిప్పి ఖాజాను చూశాడు. ఖాజా ప్రొజెక్టర్ అద్దం తుడవడం మొదలుపెట్టాడు.

ప్రింటు ఒకటే, ఊళ్లు రెండు. కామారెడ్డిలో ఉదయం ఆట నడుస్తుండగానే, ఇంటర్వెల్ దాకా ఉన్న రీళ్ల పెట్టె ఒక బస్సులో, మిగతా రీళ్ల పెట్టె తర్వాతి బస్సులో ఎల్లారెడ్డి చేరాలి. నిన్న మొదటి బస్సు లింగంపేట దగ్గర చెడిపోయింది. రెండోది దాన్ని దాటి వచ్చేసింది. హాల్లో ఈలలు, కుర్చీలు విరుగుతున్న చప్పుడు. ఖాజా చేతిలో ఉన్న రెండో సగం పెట్టె వేశాడు. ఇంటర్వెల్‌కు మొదటి సగం అందాక అది వేశాడు.

రీళ్లు తారుమారు చేసినవాణ్ని ఆ రోజే ఇంటికి పంపుతానని అజీముద్దీన్ ఎప్పుడో చెప్పి ఉన్నాడు. ఇంట్లో భార్య హసీనా, ముగ్గురు పిల్లలు. ఖాజాకు ఈ మిషను తప్ప మరో పని రాదు. అందుకే నిన్నటి నుంచి ఈ సంగతి బయటపెట్టలేదు.

"నిన్న ఏ పెట్టె ముందేసినవ్?" అడిగాడు అజీముద్దీన్.

"వచ్చిన పెట్టె ఏసిన సాబ్."

"పద్నాలుగేండ్ల సంది నమ్మిన నిన్ను. రేపటి సంది రాకు. ముందు కిందికి పోయి తప్పు నాదే అని చెప్పు. నన్నన్న ఇడ్సిపెడ్తరు."

గడియ తీసి ఖాజాను బయటికి నెట్టి, మళ్లీ వేసుకున్నాడు.

మెట్ల మీద నిలబడి ఖాజా జరిగింది దాచకుండా చెప్పాడు. "తప్పు నాదేనమ్మా. నిన్న ఎనకది ముందేసిన. అసలు సినిమా మీరు చూసిందే."

అనసూయమ్మ హన్మంతు కాలరు వదిలి ఖాజా వైపు తిరిగింది.

"అంటే నిన్న సచ్చినోళ్లంత లేచి, పెండ్లి జేసుకోని, కూసోని బువ్వ తిన్నరు?"

"తిన్నరమ్మా."

"ఇయ్యాల బువ్వ తిన్నోళ్లంత సచ్చిండ్రు."

"అవునమ్మా."

"మరి నిన్నటిది తప్పెట్లయితది? అదే మంచిగున్నది. ఫస్ట్ షోకు నిన్నటి తీర్గనే ఎయ్యి. వాళ్లు బతికేదాంక మా అత్త కుర్చీ కిందికెల్లి లేవది."

ఆడవాళ్లంతా అవునన్నారు. హాల్లోంచి భూదవ్వ కూడా అవునంది.

వెనక గడియ చప్పుడైంది. అజీముద్దీన్ నవ్వుముఖంతో బయటికొచ్చి ఖాజా భుజం మీద చెయ్యి వేశాడు. "ఖాజా మా పాత మనిషమ్మా. రేపు గూడ ఈయనే ఏస్తడు, ఎల్లుండి గూడ ఈయనే."

"అది సరే సేటూ," అంది అనసూయమ్మ. "నిన్న మంచిగ నడిచిన సినిమాను ఇయ్యాల ఖరాబు చేసిందెవడు? గా మొగోన్ని నాకు చూపియ్యుండ్రి."

నిన్న బస్సు చెడిపోయిందని విని, ఈ మధ్యాహ్నం స్వయంగా జీపులో కామారెడ్డి వెళ్లి, రెండు పెట్టెలూ వరుస తప్పకుండా తెచ్చి అప్పగించిన మనిషి ఖాజా పక్కనే నిలబడి ఉన్నాడు. ఆయన చెయ్యి భుజం మీంచి జారి, గడియ కోసం వెనక్కి తడుముకుంటోంది.

"అజీముద్దీన్ సాబేనమ్మా," అన్నాడు ఖాజా.