లలితత్తయ్య చిట్కా

విశాఖపట్నం సీతమ్మధారలో మూడో అంతస్తు అద్దె ఫ్లాట్‌లో ఉంటున్న పేరూరి సన్యాసిరావు ఒక మంగళవారం ఉదయం, రెండో కాఫీ తాగుతూ తాగుతూ, హాల్లోని వినైల్ ఫ్లోరింగ్ మీద మరకగా మారిపోయాడు. ఫ్లోరింగ్ చెక్క డిజైనుది, వేసి మూడేళ్ళయింది. ఆయన రోజూ సోఫాలో కూర్చుని కాళ్ళు చాపుకునే చోటే మరక పడింది. రంగు డికాక్షన్ రంగు, కొలత భోజనం పళ్ళెమంత. గ్లాసు పక్కకి దొర్లింది గానీ ఏమీ కాలేదు.

భార్య హైమవతి వంటింట్లోంచి వచ్చి చూసి, "అయ్యో, ఇవాళేనా? గ్యాస్ బండ వస్తుంది, తలుపు తీసేవాళ్ళెవరు?" అంది.

"పంచదార తక్కువైంది" అంది మరక. గొంతు కాస్త కిందినుంచి వచ్చింది. అంతకు మించి తేడా ఏమీ లేదు.

సన్యాసిరావు ఇరవై రెండేళ్ళుగా ఒక దినపత్రిక ఆదివారం అనుబంధంలో 'లలితత్తయ్య చిట్కాలు' అనే శీర్షిక రాస్తున్నాడు. లలితత్తయ్య అనే మనిషి లేదు. శీర్షిక పక్కన బొమ్మలో ముక్కుపుడక పెట్టుకుని నవ్వే ఆవిడ ఎవరో పత్రికవాళ్ళకే తెలియదు. కుక్కర్ మాడితే ఏం చెయ్యాలి, పట్టుచీర మీద నూనె పడితే ఏం చెయ్యాలి, నేల మీద మరకలు ఎలా పోతాయి అన్నీ ఆయనే చెప్పేవాడు. ఈ ఇరవై రెండేళ్ళలో ఆయన తడిగుడ్డ ముట్టుకున్నది ఒక్కసారి, అదీ జ్వరమొచ్చి నుదుటి మీద వేయించుకున్నప్పుడు. ఇందులో వింతేముంది? చేసేవాళ్ళకి రాసే తీరిక ఉండదు, అందుకే మాలాంటివాళ్ళం రాస్తాం. ఇది రాస్తున్నవాణ్ణి మీ ఇంట్లో చీపురెక్కడుంటుందని అడిగి చూడండి, నీళ్ళు నములుతాడు.

మూడో రోజున వార్డు కార్యాలయం నుంచి ఒక ఉద్యోగి టేపు పట్టుకుని వచ్చాడు. మరక పొడవూ వెడల్పూ, గోడనుంచి దూరం రాసుకున్నాడు.

"ఈ నెలలో మా వార్డులో ఇది ఏడోదండి. అందరూ సోఫా ముందే. ఒకాయన మటుకు ఫ్రిజ్ దగ్గర పడ్డాడు" అన్నాడు.

నిబంధనలు చదివి వినిపించాడు. మారిన రోజునుంచి ముప్ఫై రోజుల్లోగా సరైన పద్ధతిలో తుడిస్తే మనిషి లేస్తాడు. ముప్ఫయ్యో రోజు సాయంత్రం అయిదు దాటితే మరక శాశ్వతమవుతుంది. సరైన పద్ధతి ఏదన్నది కుటుంబమే చూసుకోవాలి, కార్యాలయానికి సంబంధం లేదు. ప్రతిసారీ మరక తన నోటితో "సరే" అన్నాకే తుడవాలి. అనకుండా తుడిస్తే లేవడు సరికదా, పాకుతాడు. దరఖాస్తు చివర మరకగారి అభిప్రాయానికి రెండు గీతలు వదిలారు. సన్యాసిరావు చెబుతూ పోయాడు, హైమవతి రాస్తూ పోయింది, ఆఖరికి మూడు అరఠావులు విడిగా గుచ్చాల్సి వచ్చింది.

"పద్ధతికేం కరువు? అటకమీద లలితత్తయ్య ఉంది, దింపు" అన్నాడు సన్యాసిరావు.

హైమవతి స్టూలెక్కి పాత అనుబంధాల కట్టలు దింపింది. ఆయన "సరే" అన్నాక, మొదటి చిట్కా ప్రకారం నీళ్ళు కలపని బ్లీచింగ్ ద్రావకం పోసి రాత్రంతా వదిలేసింది. తెల్లారేసరికి మరక అలాగే ఉంది, చుట్టూ ఫ్లోరింగ్ పచ్చబడింది. రెండో చిట్కా స్టీలు పీచు. ఆయన కెవ్వుమన్నాడు, చెక్క డిజైను మీద గీతలు పడ్డాయి. మూడోది గోళ్ళరంగు తుడిచే మందు. దాంతో ఫ్లోరింగ్ మెరుపు కరిగి జిగురైంది, ఆయన గొంతు రెండు రోజులు బొంగురుపోయింది.

"మీరు రాసినట్టే చేశాను కదండీ" అంది హైమవతి.

"రాసినట్టు చేస్తే ఎలా? అర్థం చేసుకుని చెయ్యాలి" అన్నాడు సన్యాసిరావు.

నాలుగో చిట్కా రబ్బరు మ్యాట్. మరక మీద వారం రోజులు కప్పి ఉంచితే మ్యాట్ మరకని పీల్చుకుంటుందని లలితత్తయ్య ఒక ఉగాది సంచికలో రాసింది. ఆ వారం సన్యాసిరావు మ్యాట్ కిందినుంచే వార్తలు విన్నాడు. ఎత్తి చూస్తే రబ్బరు దిగి, మరక చుట్టూ నలుచదరంగా ఇంకో పసుప్పచ్చ మరక తయారైంది. అది ఎవరికీ భర్త కాదు, ఊరికే మరక. "మ్యాట్ నాసిరకం" అన్నాడాయన. హైమవతికి ఏడుపూ కోపమూ కలిసొచ్చాయి. వెళ్ళి కుక్కర్లో పప్పు పడేసింది.

అప్పటికి ఇరవై రెండు రోజులు గడిచాయి. మర్నాడు పనిమనిషి నూకాలు వచ్చింది. కూతురి పురుడు కోసం చోడవరం వెళ్ళి నెలరోజుల తర్వాత రావడం అదే. గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఏటమ్మా ఇది? బాబుగోరిని ఇలాగ తోమేసినారేటి? ప్లాస్టిక్కు నేలకి పీచు ఎవులైనా పెడతారా?"

"మరెలాగే?" అంది హైమవతి.

"గోరెచ్చని నీళ్ళల్లో గిన్నెలు తోముకునే సబ్బు రెండు సుక్కలెయ్యాల. పాత నూలుగుడ్డ ముంచి, మరక మీద పరిసి, పది నిమిసాలు ఒగ్గీయాల. అప్పుడు నిమ్మళంగా తుడిసి, ఉత్త నీళ్ళతో ఇంకోపాలి తుడిసి, పొడిగుడ్డ ఎయ్యాల. అంతేనమ్మా. మా ఈదిలో ముగ్గురు లేసినారు. ఒకడైతే లేసి, టిఫినేదని నా మీదే కసిరినాడు."

మరక అంతా విని, "నూకాలూ, అది ఇంకోసారి చెప్పు. నెమ్మదిగా" అంది.

హైమవతి సంబరంగా వంటింట్లోకి పరిగెత్తి బేసిన్ తెచ్చింది. నీళ్ళు సరిగ్గా గోరువెచ్చగా ఉన్నాయి.

"బేసిన్ తర్వాత. ముందు కాగితం, కలం తీసుకో" అన్నాడు సన్యాసిరావు.

నూకాలు చెప్పింది చెప్పినట్టు ఆయన వ్యాకరణం సరిచేసి చెప్పాడు, హైమవతి రాసింది. పైన 'ప్రియమైన అమ్మాయిలూ' అనీ కింద 'మీ లలితత్తయ్య' అనీ పెట్టించాడు. గురువారం కల్లా పత్రికకి చేరాలి, ఆదివారం పడుతుంది, పడ్డాక "సరే" అంటానన్నాడు.

"ఇప్పుడంటే ఏమైందండీ?"

"ఇప్పుడు లేస్తే నూకాలు లేపినట్టవుతుంది. ఆదివారం లేస్తే లలితత్తయ్య లేపినట్టు. ఇరవై రెండేళ్ళ పేరు హైమా!"

నూకాలుకి ఇది బోధపడలేదు. "పేపర్లో పడితే నీళ్ళు మారిపోతాయేటి బాబూ?" అంది.

"నీకు తెలీదులే."

"అవును బాబూ, నాకేటి తెలుసు" అని నూకాలు గుడ్డ పిండుకుని పడగ్గదిలోకి పోయింది.

ఆదివారం, అంటే ఇరవై ఏడో రోజు, అనుబంధంలో లలితత్తయ్య లేదు. ఆ పేజీ అంతా బట్టల దుకాణం ప్రకటన. సన్యాసిరావు సబ్‌ఎడిటర్ చక్రపాణికి ఫోను కలిపించి, స్పీకరు పెట్టించాడు.

"ఆఖరి నిమిషంలో యాడ్ వచ్చింది గురువుగారూ, వచ్చే ఆదివారం గ్యారంటీ. కానీ ఏం రాశారండీ! ఇన్నేళ్ళలో మీరు రాసినవాటిలో ఇదే నంబర్ వన్. చేతల్లోంచి వచ్చినట్టుంది" అన్నాడు చక్రపాణి.

ఆ మాటతో మరక అంచులు ఒక అంగుళం విప్పారాయి. ఇలాంటి మాట విన్నాక వారం ఆగలేనివాడు రచయితే కాదు. ఒప్పుకుంటాం, మేమింతే.

ముప్ఫయ్యో రోజు బుధవారం. హైమవతి పొద్దున్నుంచీ నీళ్ళు కాచింది. చల్లారితే మళ్ళీ కాచింది. నాలుగుసార్లు బేసిన్ తెచ్చి ఆయన పక్కన చతికిలబడింది. సన్యాసిరావు గడువు పొడిగించమని వార్డు కార్యాలయానికి అర్జీ రాయించాడు. అలాంటి అర్జీకి ఫారం లేదని తిరిగొచ్చింది. అయినా ఆయన బెదరలేదు.

"నాలుగు రోజులే కదా. మన ఆఫీసుల్లో ఏ గడువు సరిగ్గా అమలైంది గనక?" అన్నాడు.

"నాకు పేపరొద్దండీ, మీరు కావాలి. ఒక్క మాట. 'సరే' అనండి. మీ కాళ్ళకి దండం పెడదామన్నా నాకు కాళ్ళు కనబడటం లేదు!"

"ఆదివారం అంటానన్నాను కదా. నామీద నమ్మకం లేదా?"

ఎప్పుడూ ఏదీ వేళకి జరగని ఆ కార్యాలయంలో ఆ గడువు మాత్రం వేళకి జరిగింది. అయిదూ ఒక నిమిషానికి మరక అంచులు బిగుసుకున్నాయి. హైమవతి పట్టలేక గుడ్డ ముంచి పరిచింది, పది నిమిషాలు లెక్కపెట్టింది, నిమ్మళంగా తుడిచింది. చుట్టూ మ్యాట్ పసుప్పచ్చ కూడా కొంచెం పోయింది గానీ ఆయన కదల్లేదు. ఆవిడ ఆ నేలమీదే పడుకుని, చెంప మరకకి ఆనించి, వెక్కివెక్కి ఏడ్చింది. "ఊరుకో హైమా, ఆదివారం చూడు" అని ఆయన ఓదార్చాడు. తర్వాత హైమవతి లేచి బియ్యం కడిగింది.

ఆదివారం లలితత్తయ్య పడింది, బొమ్మతో సహా. సోమవారం సాయంత్రానికి గాజువాకలో, అనకాపల్లిలో, తునిలో మగవాళ్ళు లేచారు. లేచినవాళ్ళలో చాలామంది అదే సోఫాలో కూర్చుని మంచినీళ్ళు అడిగారట. ఈమధ్యే ఫ్రిజ్ దగ్గర పడ్డ ఇంకొకాయన కూడా లేచాడు. వార్డు కార్యాలయం ఆ చిట్కాని నోటీసు బోర్డు మీద అంటించింది. అప్పుడొచ్చిన ఉద్యోగే మళ్ళీ వచ్చి, మరక పక్కన గోడమీద 'శాశ్వతం' అని సున్నంతో రాసి, సంతకం తీసుకుంటూ, "పాపం, ఆ లలితత్తయ్యగారు పదిరోజులు ముందు రాసుంటే మీకూ పనికొచ్చేదండీ" అన్నాడు.

పత్రిక నుంచి ఉత్తరాల సంచి వచ్చింది. హైమవతి ఇప్పుడు పొద్దున్నే పనంతా అయ్యాక, మరక పక్కన పీట వేసుకుని చదువుతుంది. నూకాలు ఆయన చుట్టూ జాగ్రత్తగా తుడుచుకుంటూ పోతుంది. ఆ రోజు ఉత్తరం తునినుంచి వచ్చింది.

"'అత్తయ్యగారూ, మావారు పంతొమ్మిదో రోజున లేచారు. పిల్లలు గంతులేస్తున్నారు. మీ చేతులకి దండం పెడుతున్నాను.'"

నూకాలు గుడ్డ ఆపి విన్నది. "పోన్లెమ్మా, ఒక ఇల్లు నిలబడింది" అంది.

"హైమా, ఆ చివరి వాక్యం ఇంకోసారి చదువు" అన్నాడు సన్యాసిరావు.

హైమవతి తలెత్తింది. నూకాలు చేతులు సబ్బునీళ్ళకి నాని, వేళ్ళ కొసలు తెల్లగా ముడుచుకుపోయి ఉన్నాయి. ఆవిడ అటువైపు తిరిగి, నూకాలు మొహంలోకి చూస్తూ, ఆ వాక్యం నెమ్మదిగా చదివింది.

"ఆహా, ఎంత బాగుంది!" అంది మరక.