కొవ్వు మీద తీర్మానం

మార్చి నెలాఖరుకల్లా మిహారు పట్టణంలో చెడు కొలెస్ట్రాల్ ఎక్కువున్న మనిషి ఒక్కడూ మిగలడని మేయర్ ఇనోకుచి గారు ప్రకటించారు. రామెన్ నూడుల్స్ ఉత్సవంలో, పందిఎముకల రసం గిన్నె ఎత్తి ఆఖరి బొట్టు దాకా తాగి, మూతి తుడుచుకుని మరీ ప్రకటించారు. అంతటి దీక్షాపరుడు క్యూషూ దీవి మొత్తంలో మరొకరు లేరు. పక్కనే నిలబడి అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినవాడు ఆయన కార్యదర్శి త్సురుమి.

ఊరంతటికీ రక్తపరీక్షలు చేశారు. సగం ఊరు ప్రమాదపు గీత దాటింది. మిగతా సగం పరీక్షకు రాలేదు.

"ఈ నూట నలభై అనే గీత గీసిందెవరయ్యా?" అన్నారు మేయర్ గారు.

"టోక్యోలో పెద్ద డాక్టర్లు, సార్."

"వాళ్ళకు మన పంది సంగతి ఏం తెలుసు?"

మర్నాడే పురపాలక సంఘం సమావేశమై గీతను రెండువందల నలభైకి జరిపింది. ప్రతిపక్ష సభ్యుడు తీవ్రంగా అభ్యంతరం చెప్పాడు. పేదల తరఫున ఇంకో పది పెంచాలన్నాడు. పెంచారు. ఊరు ఊరంతా ఆ సాయంత్రానికే ఆరోగ్యవంతమైపోయింది.

త్సురుమికి రెండువందల పది. కొలెస్ట్రాల్ తగ్గించడానికి వేసుకునే స్టాటిన్ మాత్ర ఇక అక్కర్లేదని ఆసుపత్రికి వెళ్ళి సంబరంగా చెప్పాడు. గుండె డాక్టరు నాగయె నవ్వలేదు.

"మీ నాన్నగారు ఏ వయసులో పోయారు?"

"నలభై తొమ్మిదిలోనమ్మా. గుండెపోటు."

"మీకిప్పుడెంత?"

"నలభై ఎనిమిది."

"మాత్ర మానకండి. దానివల్ల ఒళ్ళునొప్పులొస్తే చెప్పండి, మారుద్దాం. అంతేగానీ రక్తనాళాలు తీర్మానాలు చదవవు."

"మేయర్ గారి కార్యదర్శే మాత్ర మింగితే ఊరేమనుకుంటుందమ్మా?"

మానేశాడు. అద్దంలో చూసుకుంటే ముఖం కళకళలాడుతున్నట్టే ఉంది. మెట్లెక్కితే ఆయాసం వచ్చేది గానీ, అది మెట్ల తప్పని సరిపెట్టుకున్నాడు.

వసంతంలో మిహారుకు 'ఆదర్శ ఆరోగ్య పట్టణం' బహుమతి వచ్చింది. వేదిక మీద ఆ బరువైన ఫలకం పట్టుకున్న త్సురుమికి ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టయింది. చెమటలు కారిపోయాయి. నాన్న గుర్తొచ్చాడు.

"సార్, గుండెలో ఏదో..."

"ఆనందమయ్యా! నాకూ అలాగే ఉంది."

త్సురుమి కూలిపోయాడు. మేయర్ గారు ఏమాత్రం తొణకకుండా ఫలకం కింద పడకుండా పట్టుకున్నారు. "అంబులెన్సును వెనక గేటుకు రమ్మనండి. ముందు కెమెరాలున్నాయి."

నాగయె స్టెంటు వేసి బతికించింది. కళ్ళు తెరిచిన త్సురుమి మొట్టమొదట మాత్ర అడిగాడు.

రెండోరోజు మేయర్ గారు పూలగుత్తితో, విలేకరితో వచ్చారు. పని ఒత్తిడే కారణమని, అహోరాత్రులు ప్రజాసేవ చేస్తే ఇంతేనని కన్నీళ్ళు పెట్టుకుని ఫొటో దిగారు. తర్వాత విలేకరిని సాగనంపి, రోగిని చూడవచ్చిన నాగయెను ఉండమని, తలుపు గడియ వేసి, కోటు విప్పి చొక్కా చెయ్యి పైకి మడిచారు.

"డాక్టరమ్మా, పనిలో పనిగా నాకూ కాస్త రక్తం తీసి చూడండి."

"దానికేం, చూస్తాను. మన ఊరి గీతతో పోల్చి చెప్పమంటారా?"

మేయర్ గారు ఒకసారి తలుపు వైపు చూశారు.

"మెల్లగా మాట్లాడండమ్మా. టోక్యో గీతతోనే చెప్పండి."