ఎనిమిది గుర్రాల వెనుక లోవెల్ క్రంప్లర్

మొక్కజొన్న చేలు దిగంతముల దాక పచ్చగా పరుచుకొనిన ఇండియానా మండలమున, జూన్ మాసాంత శనివార ప్రాతఃకాలమున, పికెట్‌విల్ పట్టణ అగ్నిమాపక కేంద్రపు మడతకుర్చీల మహాసభలో, జూలై నాలుగవ తేదీ స్వాతంత్ర్యదిన ఊరేగింపున ఎవరి వెనుక ఎవరు నడవవలెనో తేల్చుటకై పెద్దలు కొలువుదీరిన వేళ సంభవించిన ఘోరసంగ్రామమును వచించెద, చెవియొగ్గుడు!

ఆ రణమున నాయకుడు లోవెల్ క్రంప్లర్: పదునెనిమిదేండ్లు వాషింగ్టన్ సభలో సంప్రదాయపక్ష సింహమై గర్జించినవాడు, పన్నన్న వద్దు, వంతెనన్న వద్దు, బడిపిల్లల భోజనమన్న వద్దే వద్దని నకారకంఠీరవ బిరుదమునందినవాడు, అన్నాళ్ళలో ఒక్క శాసనమైనను చేయనివాడు, తుదకు తనకన్న బిగ్గరగా వద్దనగల కుర్రవాని చేతిలో, సొంత పార్టీ అభ్యర్థినెంచు ఎన్నికలోనే మట్టికరచినవాడు.

అట్టి మహావీరునికి మిగిలిన రాజ్యమెల్ల, ఏటికొకసారి పైకప్పులేని కారులో నిలిచి ఏడు వీధుల జనమునకు చేయి ఊపుటయే. హా! నిరుడు ఆ రథమును స్వారీసంఘమువారి అష్టాశ్వముల వెనుక నిలిపిరి. త్రోవ పొడవున వెచ్చని లద్దెలు. చక్రములు ఒక్కదానినైనను విడువలేదు. జనులు ముక్కులు మూసికొనిరేగాని చేతులూపలేదు. ఈ ఏడును అంతేయైన, ఊరు తన్ను ఆ కంపుతోనే తలచుకొనునని అతని గుండె నిజముగా కుంగిపోయెను.

అతడు లేచెను. "మిత్రులారా! ఒక పౌరుడి పరువు గుర్రం తోక వెనక నడవాలా? మన తాతలు నెత్తురు ధారపోసింది ఇందుకేనా?"

"మధ్యలో మా గుర్రాలేం చేశాయండీ?" అనెను స్వారీసంఘాధిపతి డేల్ క్రెబ్స్.

"ఏం చేశాయో నా టైర్లనడుగు!"

సభాధర్మమేమన, వరుసకైనను, దానిలో మార్పునకైనను అందరును ఒప్పుకొనవలెను. ఒక్కరు కాదన్నను చెల్లదు. అధ్యక్షురాలు మార్లీన్ వాస్, నలువదేండ్లు బడిబస్సు నడిపిన వీరనారి, కళ్ళజోడు సవరించుకొనెను.

"ఎవరికైనా అభ్యంతరమా? నాకుంది. లోవెల్ గారూ, రోడ్డు గుంతలు పూడ్చే బిల్లొస్తే మీరేమన్నారు?"

"వద్దన్నాను."

"ఆ గుంతలోనే నా బస్సు ఇరుసు విరిగింది. ముప్పైమంది పిల్లలతో వానలో నిలబడ్డాను. ఇప్పుడు నేనూ వద్దంటున్నా."

క్రోధారుణనేత్రుడై క్రంప్లర్ తన పాత బ్రహ్మాస్త్రమును సంధించెను. "అయితే మొత్తం వరుసకే నా అభ్యంతరం!"

సభ స్తంభించెను. మరల అడిగిరి, మరల వద్దనెను. కాఫీ చల్లారెను. పంచదార డోనట్లు అయిపోయి ఉత్తవి మిగిలెను.

"ఇలాగైతే ఊరేగింపే ఉండదు," అనెను మార్లీన్. "ఇంట్లో కూర్చుని మీ కుక్కకి చెయ్యి ఊపుకోండి. లేదూ, పిల్లల పోనీబండి ఉంది, రెండే పొట్టి గుర్రాలు. దాని వెనక నిలబడతారా? అవునో కాదో చెప్పండి."

అలవాటుపడిన నాలుక 'వద్...' అని పైకి లేచెను. అంతలో, చేయి ఊపుటకు ఊరేగింపు, చూచుటకు జనము లేని వేసవి అతని కన్నుల ముందు నిలిచెను. కుర్చీవెన్ను పట్టుకొని ఆ యోధుడు పలికెను.

"అవును."

"ఏంటీ? మళ్ళీ అనండి!" అని డేల్ కుర్చీలోనుండి సగము లేచెను.

"అవునన్నానయ్యా! ఎన్నిసార్లు చెప్పించుకుంటావు?"

ఎవరును కాదనకపోగా, మార్లీన్ కాఫీచెంచాతో బల్లపై కొట్టెను. జయము, జయము! వినుడు జనులారా! పదునెనిమిదేండ్ల మహాసభాజీవితమున ఒక్కటియు నెగ్గించుకొనలేని లోవెల్ క్రంప్లర్, నేడు తన మొట్టమొదటి తీర్మానమును సర్వసమ్మతముగా నెగ్గించుకొనెను: అతని ముందు లద్దె వేయు గుర్రములు ఎనిమిది కావు, రెండే, అవియును పొట్టివి!