కాలువలో పడిన హెడ్మాస్టరు

పటమటలో బస్సెక్కేటప్పుడు శాలిని ఆ రోజుకు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. రెండో తరగతి పిల్లలచేత సొంతంగా వాక్యాలు చెప్పించాలి. అంతే. బందరు కాలువ పక్కనున్న ఆ ఊరి బడిలో అసలు ఉన్నవే రెండు తరగతులు. ఒకటో తరగతి హెడ్మాస్టరు ఎలీషా గారిది, రెండోది ఆమెది. పై తరగతులన్నీ కిందటేడే పక్క ఊరి బడిలో కలిపేశారు.

సీటు దొరికి కూర్చుందో లేదో ఎలీషా గారి ఫోను.

"అమ్మా శాలినీ, ఎంఈఓ గారు అర్జెంటుగా మీటింగుకి రమ్మన్నారు. బడి తాళం తీసి బయల్దేరుతున్నా. ఇవాళ ఫస్టు క్లాసు కూడా నువ్వే చూసుకోవాలమ్మా."

"అలాగే సార్. మీటింగు దేనికటండీ?"

"మన బడి గురించే. ఉన్న రెండు క్లాసులూ పక్కూరికి పంపేద్దామంటున్నారు. పేరెంట్స్ మీటింగు పెడితే ఒక్కడంటే ఒక్కడు రాలేదుగా. ఊళ్ళోవాళ్ళకే అక్కర్లేని బడి మనకెందుకయ్యా అంటున్నారాయన."

"మరి మీరేం చెప్తారు సార్?"

"ఏం చెప్తానమ్మా? ఆయన అన్నదాంట్లో అబద్ధం ఏముంది?" అని ఫోను పెట్టేశారు ఎలీషా గారు.

బడి మూతపడితే తనకు పటమటకు దగ్గర్లో బదిలీ దొరకవచ్చు. ఆ ఆలోచన శాలినికి వచ్చిన మాట నిజం. వచ్చినందుకు సిగ్గుపడి, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్న మాట కూడా నిజమే.

బడికి చేరి రెండు తరగతులనూ ఒకే గదిలో వీపులు ఆనించి కూర్చోబెట్టింది. ఒకటో తరగతి తూర్పు గోడకు, రెండో తరగతి పడమటి గోడకు తిరిగి కూర్చున్నాయి. తను నడుమ నిలబడింది. ఇటు తిరిగితే అటు గోల, అటు తిరిగితే ఇటు గిల్లుళ్ళు. ఇలా లాభం లేదని రెండు పాఠాలూ జడ అల్లినట్టు అల్లుకుంటూ పోయింది. చిన్నవాళ్ళకు ఒక రాజుగారి కథ, పెద్దవాళ్ళకు వాక్యాలు.

"మన హెడ్మాస్టరు గారు ఇవాళ ఎలా వెళ్ళారు?" అని పడమటి వైపు అడిగింది.

"బండి మీద!"

"ఏ దారిన వెళ్ళారు?"

"కాలవ గట్టు మీద!"

గిరుక్కున తూర్పుకు తిరిగింది. చేపల్ని చూడ్డానికి వచ్చిన రాజుగారు అప్పటికి గట్టు చివర నిలబడి ఉన్నారు.

"కాలు జారింది. దబ్బుమని నీళ్ళల్లో పడిపోయారు!"

"అయ్యో!" అన్నారు చిన్నవాళ్ళు.

"చెప్పులు మాత్రం గట్టు మీదే ఉండిపోయాయి. మనిషి కనపడట్లేదు!"

"అయ్యయ్యో!"

ఏ వాక్యం ఏ గోడ వైపు చెప్పిందో గదిలో ఉన్నవాళ్ళకు తెలుసు. బయట వంటషెడ్డులో గుడ్లు ఉడకబెడుతున్న తెరేసమ్మకు తెలియదు. ఆమెకు గోడలు కనబడవు, మాటలే వినబడతాయి. చేతిలో గరిటె అక్కడే పడేసి, కొంగు నోట్లో కుక్కుకుని, ఊళ్ళోకి పరుగెత్తింది.

టీ కొట్టు దగ్గర మొగుడు సొలొమోనుకు చెప్పేసరికి ఎలీషా గారు కాలువలో పడ్డారు. టీ కొట్టు దాటేసరికి బండితో సహా పడ్డారు. చర్చి గంట మోగేసరికి ఆయన వెనక ఎంఈఓ గారు కూడా కూర్చుని ఉన్నారు. పొలాల్లోంచి మనుషులు పరుగెత్తుకొచ్చారు. ఈత వచ్చిన కుర్రాళ్ళు కాలువలోకి దూకారు. రానివాళ్ళు ఒడ్డున నిలబడి ఎక్కడ మునగాలో చూపించారు.

శాలిని కథలో రాజుగారిని చేపలు ఒడ్డుకు చేరుస్తుండగా, గుమ్మంలో సగం ఊరు నిలబడి ఉంది. ముందు రత్తయ్య గారు. ఆయన పేరెంట్స్ కమిటీ ఛైర్మను. మొన్నటి మీటింగుకు ఆయన కూడా రాలేదు.

"మేడం గారూ, మీరు ధైర్యంగా ఉండాలండి. మన ఎలీషా మాస్టారు కాలవలో పడిపోయారండి."

శాలిని చేతిలోని సుద్దముక్క జారిపోయింది. "అదేంటండీ! పొద్దున్నేగా నాతో ఫోన్లో మాట్లాడారు!"

"ఆఖరి మాటలు మీతోనే మాట్లాడారమ్మా!" అని తెరేసమ్మ ఘొల్లుమంది.

శాలిని ఫోను చేసింది. స్విచ్చాఫ్. ఇంతలో ఒకడు ఒంటి నిండా నాచుతో, చేతిలో పగిలిన హెల్మెట్‌తో వచ్చాడు. దాన్ని చూసి ఆడవాళ్ళు గొంతెత్తి ఏడ్చారు. ఎలీషా గారు జన్మలో హెల్మెట్ పెట్టుకోలేదన్న సంగతి ఆ క్షణంలో ఒక్కరికీ తోచలేదు. శాలినికీ తోచలేదు. పొద్దుటి బదిలీ ఆలోచన గుర్తొచ్చి, ఆమె అందరికంటే గట్టిగా ఏడ్చింది.

"గట్టు మీద నూటెనిమిది పోతంటే చూశానండీ," అన్నాడెవరో.

"అయితే ప్రాణం ఉందన్నమాటే! పదండి ఆసుపత్రికి!" అన్నారు రత్తయ్య గారు.

ట్రాక్టరు వచ్చింది. పిల్లల్ని వదిలి వెళ్ళలేక శాలిని రెండు తరగతులనూ ట్రక్కులోకి ఎక్కించింది. పిల్లలు ఆకలికి ఆగలేరని తెరేసమ్మ గుడ్ల గిన్నె కూడా ఎక్కించింది. దారి పొడవునా పెద్దవాళ్ళు ఏడుస్తూ గుడ్లు వలిచారు, పిల్లలు నవ్వుతూ తిన్నారు.

మండలం ఆసుపత్రిలో అలాంటి మనిషెవరూ రాలేదన్నారు. ఉసూరుమంటూ బయటికి వచ్చిన సొలొమోను పక్క కాంపౌండులోకి చూసి ఆగిపోయాడు. ఎంఈఓ ఆఫీసు ముందు ఎలీషా గారి బండి నిలబడి ఉంది. మట్టి మరక కూడా లేదు.

లోపలి నుంచి ఎంఈఓ రామకోటేశ్వరరావు గారి గొంతు వినిపిస్తోంది. "ఆ బడి కోసం మీ ఊళ్ళో ఒక్క మనిషన్నా కదుల్తాడా ఎలీషా గారూ? మీరే చెప్పండి."

ఎలీషా గారు చెప్పేలోపే ఊరు తలుపు తోసుకుని లోపలికి వచ్చింది.

"బతికే ఉన్నారండీ!" అని అరిచి తెరేసమ్మ ఆయన కాళ్ళ దగ్గర కూలబడింది. రత్తయ్య గారు ఆయన చొక్కా పట్టుకుని తడి ఉందేమోనని చూశారు. నాచు పట్టిన కుర్రాడు పగిలిన హెల్మెట్‌ను భక్తిగా టేబుల్ మీద పెట్టాడు.

"ఏమైందయ్యా మీకు?" అని ఎలీషా గారు బిక్కచచ్చిపోయారు.

"మీరు కాలవలో పడ్డారంట కదండీ!"

"నేనా? ఎవరు చెప్పారు?"

చేతులన్నీ ఒకరి నుంచి ఒకరి మీదికి తిరిగి చివరికి తెరేసమ్మ దగ్గర ఆగాయి. "నాకెట్టా తెలుస్తదండీ? మేడం గారే క్లాసులో చెప్పారు. చెప్పులు గట్టు మీదే ఉండిపోయినయ్యని కూడా అన్నారు."

శాలినికి అప్పుడు అర్థమైంది. ఊళ్ళోవాళ్ళు చెప్తే తను కన్నీళ్ళు పెట్టుకున్న కబురు తన నోటి నుంచే బయల్దేరిందన్నమాట. మెల్లగా ఒకటో తరగతి వైపు తిరిగింది. "పిల్లలూ, కాలవలో పడిందెవరు?"

"రాజుగారు!" అన్నారు పచ్చసొన అంటిన మూతులతో.

అప్పుడు ఎలీషా గారు నవ్వడం మొదలుపెట్టారు. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నారు. ఎంఈఓ గారు మాత్రం నవ్వలేదు. గదిలోని మనుషుల్ని, వసారాలోని మనుషుల్ని, కిటికీకి వేలాడుతున్న మనుషుల్ని ఒక్కొక్కరినే చూశారు.

"ఇంతమంది ఉన్నారా మీ ఊళ్ళో?" అన్నారు చివరికి.

రత్తయ్య గారు తువ్వాలు సర్దుకున్నారు. "మీటింగుకి రాకపోడం మాది తప్పేనండి. బడి ఎక్కడికి పోద్దిలే అనుకున్నాం. మాస్టారు పోయారనుకున్నాక తెలిసిందండి. మా బడి మాకు ఉంచండి బాబూ."

ఎంఈఓ గారు ముందున్న కాయితాలు పక్కకు నెట్టారు. "ఉంచమని పైకి రాస్తాను. ఇంకేమన్నా ఉందా?"

అందరూ వెళ్ళిపోదామని కదులుతుంటే శాలినికి ఎక్కడలేని ధైర్యం వచ్చింది. "ఉందండీ. మూడో తరగతి కూడా మాకిచ్చేయండి సార్. మా రెండో తరగతి పిల్లలు వచ్చే ఏడు ఆ గట్టు మీద పక్కూరు నడిచెళ్ళాలి."

ఆయన ఆమె వంక చూసి, అదీ రాసుకున్నారు.

జూన్‌లో బడి తెరిచేసరికి ఆర్డరు వచ్చింది. ఊరు మిఠాయిలు పంచుకుంది. పేరెంట్స్ మీటింగుకు కుర్చీలు చాలక రత్తయ్య గారు నిలబడ్డారు. శాలిని కొత్త సుద్దముక్కల డబ్బా తెరిచి, రెండో తరగతిని తూర్పుకు, మూడో తరగతిని పడమటికి తిప్పి కూర్చోబెట్టింది.

ఆర్డరులో తరగతి గురించి రాశారు గానీ, టీచరు గురించి ఏమీ రాయలేదు.