తిట్టకపోతే మాట వినని కుర్చీ

ఆ ఉదయం కెర్నెలమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆఫీసుకు తొందరగా వెళ్ళాలి, కుర్చీలోంచి తిట్లు తీసేయాలి, పదకొండింటికి, కొనడానికొస్తున్న పళ్ళ డాక్టరమ్మకు కుర్చీ చూపించాలి, మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చి కాళ్ళు బారజాపుకుని పడుకోవాలి.

"తిట్లు తీసేయడమేంటి? కుర్చీని తిట్టావా?" అన్నాడు భర్త, చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ.

"కుర్చీని తిట్టలేదు. కుర్చీ లోపల మా మేనేజర్ని తిట్టాను."

భర్త ఇస్త్రీపెట్టె నిలబెట్టి ఆమె వైపు చూశాడు. "నీ ఉద్యోగం ఉంచేదీ ఊడగొట్టేదీ ఆయన తేల్చేది ఇవాళే కదా?"

"అందుకేగా తీసేస్తానంటున్నా!"

ఆమె పనిచేసే కంపెనీ పళ్ళ డాక్టర్లకు కుర్చీలు తయారుచేస్తుంది. బటన్ నొక్కితే లేచి, దిగి, వెనక్కి వాలే కుర్చీలు. ఆ కుర్చీ అడుగున ఒక చిన్న కంప్యూటరు ఉంటుంది. కరెంటు రాగానే లోపలి మోటార్లనూ, సెన్సర్లనూ, దీపాన్నీ ఒకదాని తర్వాత ఒకటి లేపి పనిలోకి దించే పెద్ద ప్రోగ్రామును కెర్నెల్ అంటారు. ఇంట్లో అందరికంటే ముందు లేచి, మిగతావాళ్ళ దుప్పట్లు లాగే మనిషి లాంటిది అది. ఎవరిని ఎవరి తర్వాత లేపాలో తెలియకపోతే ఇల్లు ఎలా ఉంటుందో కుర్చీ కూడా అలాగే ఉంటుంది. ఆ వరస చూసుకోవడమే ఈమె పని కాబట్టి ఆఫీసులో అందరూ ఆమెను కెర్నెలమ్మ అంటారు. ఆమెది ఇంకా తాత్కాలిక ఉద్యోగమే. ఆ గడువు ఆ రోజుతో ముగుస్తుంది.

ఇక మేనేజరు. ఆయన అసలు పేరు జీతం కాగితాల మీద తప్ప ఎక్కడా వినపడదు. ఆయన తలుపు తీసి "అయిందా?" అంటాడు, వెళ్ళిపోతాడు, తన గదిలో కూర్చునేలోపు ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ వచ్చి "అయిందా?" అంటాడు. అందుకని ఆయన అయిందా గారు.

కెర్నెల్ ఎక్కడ ఆగిపోతోందో కనిపెట్టడానికి ఈ పనివాళ్ళు మధ్యమధ్యలో ఒక్కో మాట రాయించుకుంటారు. యంత్రం అక్కడిదాకా వస్తే ఆ మాట తెరమీద పడుతుంది. అందరూ "ఇక్కడికొచ్చాం" అని రాసుకుంటారు. కెర్నెలమ్మ మాత్రం ఆ నిమిషాన మనసులో ఏముంటే అది రాస్తుంది. మోటారును లేపే చోట ఆమె రాసుకున్నది ఇది: "మోటారు దగ్గరికొచ్చాం. అయిందా అయిందా అని నా ప్రాణం తోడేసే మహానుభావా, అయింది, రా, వచ్చి కూర్చో, నిన్ను అటకెక్కించకపోతే నా పేరు మార్చుకుంటా."

ఆఫీసుకు రాగానే ఆ ముక్కతో పాటు మిగిలిన చిన్నాచితకా తిట్లన్నీ ఏరి పారేసింది. మనసు తేలికపడింది.

వైర్ల బాబాయి అప్పటికే కుర్చీ పక్కన నేలమీద కూర్చుని కేబుళ్ళు సర్దుతున్నాడు. సర్క్యూట్లన్నీ ఆయనవే. డాక్టరమ్మకు కనపడాలని ఆమె లాప్‌టాప్‌ను గోడమీది పెద్ద తెరకు కలిపి పెట్టాడు.

"నిన్న బాగానే నడిచింది కదమ్మాయ్?"

"నడిచింది బాబాయ్."

"అయితే ఇంక దాన్ని ముట్టుకోకు."

"ముట్టుకోలేదు. తిట్లు తీసేశానంతే."

"తిట్లేగా, పోతేపోయాయి," అన్నాడు బాబాయి. ఆ రోజంతటిలో ఆయన చెప్పిన తప్పు మాట అదొక్కటే.

తలుపు తెరుచుకుంది. "అయిందా?"

"అయిందండీ."

"అయితే ముందు నేను కూర్చుంటా. మనం కూర్చోని కుర్చీని వేరేవాళ్ళకెలా అమ్ముతాం?" అంటూ అయిందా గారు బూట్లు విప్పి, టై సర్దుకుని, కుర్చీలో వెనక్కి వాలాడు. "ఊఁ, కానీయండి."

కెర్నెలమ్మ స్విచ్చి వేసింది. కుర్చీ పద్ధతిగా మామూలు ఎత్తుకు వచ్చి ఆగాలి. అది ఆగకుండా లేచింది. లేస్తూ వెనక్కి వాలింది. ఆయన తల కిందికీ కాళ్ళు పైకీ వెళ్ళాయి.

"బాగుంది, బాగుంది, ఇక చాలు," అన్నాడు అయిందా గారు మొదట. తర్వాత "చాలన్నానా!" అన్నాడు. ఆ తర్వాత మాటలు లేవు, కేకే.

బాబాయి చటుక్కున ప్లగ్గు పీకాడు. కుర్చీ ఉన్నచోటే బిగుసుకుపోయింది. కరెంటు పోయినా పేషెంటు ధబేలున కిందపడకూడదని అలా తయారుచేసింది బాబాయే.

"దించండి నన్ను!"

"కరెంటు లేందే దిగదండీ," అంది కెర్నెలమ్మ.

"అయితే పెట్టు కరెంటు!"

"పెడితే ఇంకా లేస్తుందేమోనండీ."

"దూకేస్తారా సార్?" అని బాబాయి నెమ్మదిగా సలహా ఇచ్చాడు.

"నా నడుమేమన్నా నీ సర్క్యూట్ అనుకున్నావా, విరిగితే మళ్ళీ అతికించడానికి?"

సరిగ్గా అప్పుడే డాక్టరమ్మ లోపలికొచ్చింది. తొందరగా వచ్చేసింది మహాతల్లి. గుమ్మంలో నిలబడి, ముందు సాక్సులు చూసింది, తర్వాత వాటివెంట కిందికి చూసుకుంటూ వచ్చి ముఖం దగ్గర ఆగింది.

"నమస్కారమండీ," అన్నాడు అయిందా గారు తలకిందులుగా, చేతులు జోడించి.

"ఏం జరుగుతోందిక్కడ?"

బాబాయే ధైర్యం చేశాడు. "మధ్యలో కరెంటు పోయిందనుకోండి మేడమ్, పేషెంటు గతేంటో చూపిస్తున్నాం. చూశారా, ఒక్క అంగుళం కూడా జారలేదు."

డాక్టరమ్మ కుర్చీ చుట్టూ తిరిగి చూసింది. "పర్లేదే! ఎంతసేపుంటారిలా?"

"మీరు ఎంతసేపంటే అంతసేపు," అన్నాడు అయిందా గారు. ముఖం టమాటా పండులా ఉంది.

"మంచిది. నోరు తెరవండి."

"నాకేం బాధ లేదండీ."

"ఊరికే ఉన్నారు కదా, తెరవండి." ఆమె చేతిసంచిలోంచి చిన్న టార్చి తీసి లోపలికి చూసింది. "అబ్బో. వెనక పన్ను ఎప్పటినుంచీ పుచ్చింది?"

ఆయన ఏదో చెప్పాడు. నోరు తెరిచి చెప్పడం వల్ల ఎవరికీ అర్థం కాలేదు. అదే మంచిదైంది.

ఈలోపు కెర్నెలమ్మ నేలమీద చతికిలబడి లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుంది. ఇవాళ ఈయన సరిగ్గా దిగకపోతే రేపు తనకు ఈ గుమ్మం లేదు. నిన్నటికీ ఇవాళ్టికీ మారిందేమిటి? తిట్లు తప్ప ఏమీ మారలేదు. తిట్టుకూ కుర్చీకీ ఏమిటి సంబంధం?

అప్పుడామె కన్ను బాబాయి కేబులు మీద పడింది. ఆమె రాయించుకున్న మాటలన్నీ కుర్చీలోంచి లాప్‌టాప్‌కు ఆ పాత కేబులు గుండానే వస్తాయి, అదీ నత్తనడకన, ఒక్కో అక్షరంగా. ఆఖరి అక్షరం దాటేదాకా కెర్నెల్ ఇంకో పని ముట్టుకోదు.

"బాబాయ్, ఎత్తు కొలిచే సెన్సరు లేవడానికి టైము పడుతుందా?"

"కాస్త బద్ధకం దానికి. కరెంటొచ్చాక కాసేపు ఒళ్ళు విరుచుకుంటుంది."

ఆమెకు అంతా తెలిసిపోయింది. ఇన్నాళ్ళూ కెర్నెల్ సెన్సరును తట్టి, అయిందా గారిని తీరిగ్గా తిట్టి, ఆ తర్వాత మోటారును లేపేది. ఆ తిట్టు పూర్తయ్యేలోపు సెన్సరు లేచి కూర్చునేది. ఇవాళ తిట్టు లేదు. మోటారు వెంటనే లేచి "ఎంత ఎత్తులో ఉన్నాం?" అని అడిగింది. నిద్రలో ఉన్న సెన్సరు "సున్నా" అంది. నేలమీదే ఉన్నామనుకుని మోటారు పైకెత్తడం మొదలుపెట్టింది, ఎత్తుతూనే ఉంది.

అయితే తిట్టే అక్కర్లేదు, ఏదో ఒక మాట ఉంటే చాలు. కెర్నెలమ్మ మర్యాదగా "దయచేసి ఆగండి" అని రాసి స్విచ్చి వేసింది.

మర్యాద మరీ పొట్టిదైపోయింది. సెన్సరు కన్ను తెరవకముందే మాట అయిపోయింది. కుర్చీ ఇంకాస్త పైకి లేచింది. అయిందా గారి బొటనవేళ్ళు ట్యూబులైటుకు తగిలాయి.

"అమ్మాయ్!" అన్నాడాయన. అది పిలుపో ప్రార్థనో తెలియలేదు.

బాబాయి మళ్ళీ ప్లగ్గు పీకాడు. ఆలోచించడానికిక వ్యవధి లేదు. కెర్నెలమ్మ కళ్ళు మూసుకుని, పొద్దున తీసేసిన తిట్టును అక్షరం పొల్లుపోకుండా తెచ్చి యథాస్థానంలో పెట్టింది. గోడమీది తెర సంగతి ఆమెకు గుర్తే లేదు.

స్విచ్చి వేసింది. ఎదురుగా గోడ నిండా, ఒక్కో అక్షరం, నింపాదిగా పడుతూ వచ్చింది. "మోటారు దగ్గరికొచ్చాం. అయిందా అయిందా అని..." తలకిందులుగా ఉన్న మనిషి కూడా ఆసాంతం చదువుకోవడానికి వీలైనంత నెమ్మదిగా. "పేరు మార్చుకుంటా" దగ్గర చుక్క పడగానే కుర్చీ చిన్న మూలుగుతో కదిలి, పసిబిడ్డను పక్కమీద దించినట్టు అయిందా గారిని కిందికి దించి నిలిపింది.

ఆయన బూట్లు వేసుకున్నాడు. టై సర్దుకున్నాడు. తెర వైపు మళ్ళీ చూశాడు. కెర్నెలమ్మ నేల వైపు చూసింది. బాబాయి ఎప్పుడూ చూడనట్టు ప్లగ్గు వైపు చూశాడు.

డాక్టరమ్మ గొంతు సవరించుకుంది. "ఈ తిట్టు లేకపోతే కుర్చీ నడవదా?"

"ప్రస్తుతానికి నడవదండీ."

"నా దగ్గరికి చిన్నపిల్లలొస్తారమ్మా. కుర్చీ నచ్చింది, పేషెంటును భలే పట్టుకుంటోంది. కానీ ఎవర్నీ తిట్టకుండా లేస్తేనే తీసుకుంటా. ఈలోపు ఈయన పన్ను సంగతి చూస్తాను. కూర్చోండి సార్."

అయిందా గారు మళ్ళీ అదే కుర్చీలో కూర్చున్నాడు, రెండు పిడికిళ్ళతో కుర్చీ చేతులు రెండూ బిగించి పట్టుకుని.

కెర్నెలమ్మ ఈసారి తొందరపడలేదు. ఎంతసేపు ఆగాలో అంచనా వేసుకోవడమే తప్పు. సెన్సరు లేచిందని తేలేదాకా మోటారును కదలనీయకూడదు. రాయడానికి ఎక్కువసేపు పట్టలేదు. తిట్టు తీసేసింది, స్విచ్చి వేసింది. కుర్చీ ఒక్క క్షణం తటపటాయించి, మామూలు ఎత్తుకొచ్చి, బుద్ధిగా ఆగింది. మళ్ళీ వేసి చూశారు. మళ్ళీ అంతే.

డాక్టరమ్మ తృప్తిగా తలూపి టార్చి సంచిలో వేసుకుంది. అయిందా గారు మాత్రం దవడ పట్టుకుని కెర్నెలమ్మ దగ్గరికొచ్చాడు.

"ఏం రాశావో చెప్పు. దాచకు."

"మోటారు చేత సెన్సరును అడిగిస్తున్నానండీ. జవాబు రాకపోతే కాస్త ఆగి మళ్ళీ అడుగుతుంది. వచ్చేదాకా అడుగుతూనే ఉంటుంది."

"ఏమని అడుగుతుంది?"

కెర్నెలమ్మ లాప్‌టాప్ మూసేసింది. బాబాయికి ఉన్నట్టుండి దగ్గొచ్చింది.

"చెప్పమ్మా, ఏమని?"

"అయిందా అనండీ."

అయిందా గారి ముఖం మెల్లగా వెలిగింది. డాక్టరమ్మ వైపు తిరిగి, "విన్నారా? ఏళ్ళ తరబడి మొత్తుకుంటున్నాను, అడక్కపోతే ఏ పనీ అవదని. ఒక్కరన్నా వింటేనా? ఇన్నాళ్ళకి ఈ అమ్మాయికి అర్థమైంది," అన్నాడు. ఆ ఊపులోనే లోపలికి తీసుకెళ్ళి ఉద్యోగం ఖాయం చేసే కాగితం మీద సంతకం పెట్టేశాడు.

మధ్యాహ్నం ఆమె ఇంటికి రాగానే భర్త గుమ్మంలోనే అడిగాడు. "తీసేశావా తిట్లు?"

"తీసేశా. వాటి బదులు ఆయన్నే లోపల పెట్టేశా," అని చెప్పి కెర్నెలమ్మ వెళ్ళి కాళ్ళు బారజాపుకుని పడుకుంది.

కుర్చీ డాక్టరమ్మ దగ్గర ఇప్పటికీ రోజూ పొద్దున్నే "అయిందా?" అని అడిగే లేస్తోంది, కాకపోతే అయిందని చెప్పాక మళ్ళీ అడగదు.