గాలి ఆఫ్ చేసి నేర్చిన విమానం

విమానం నడపడం నేర్చుకోవాలంటే విమానం ఎక్కాలని నమ్మేవాళ్లు ఈ రోజుల్లో కూడా ఉన్నారంటే నాకు నిజంగా జాలేస్తుంది. పాపం, వాళ్ల ఇళ్లల్లో వైఫై లేదేమో!

కాస్త ఆలోచించండి. ఈత నేర్చుకోవడానికి నీళ్లెందుకు? ఒళ్లు తడుస్తుంది, జలుబు చేస్తుంది. మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన మంచం మీద బోర్లా పడుకుని, వీడియో చూస్తూ చేతులు ఆడించి ఈత నేర్చుకున్నాడు. ఇంతవరకూ ఒక్కసారి కూడా మునగలేదు. చెరువుల్లో నేర్చుకున్నవాళ్లు ఈ మాట అనగలరా?

పై ఫ్లాట్ అరుణాదేవి గారు వీడియోల్లో దేశదేశాల వంటలు నేర్చుకున్నారు. భోజనం మాత్రం రోజూ యాప్‌లో తెప్పించుకుంటారు. ఆవిడ వంటింట్లో మాడు వాసన అన్నది ఎరగరు. వంట నేర్చుకోవడం అంటే అదీ!

నేల విడిచి సాము చేయకూడదని మన పెద్దలు చెప్పారు. ఆ మాటను ఇవాళ పాటిస్తున్నది ఎవరనుకున్నారు? మన ఆన్‌లైన్ పైలట్లే. నేల విడవకుండానే విమానాలు నడిపేస్తున్నారు. ఇంతకన్నా పెద్దలకు చేసే మర్యాద ఏముంటుంది?

నమ్మకం లేకపోతే అమీర్‌పేట వెళ్లి చూడండి. మెట్రో దిగి, ఫ్లెక్సీల కిందనుంచి తల వంచుకుని నడిస్తే, ఒక టిఫిన్ సెంటర్ పైన, స్పోకెన్ ఇంగ్లిష్‌కీ డేటా సైన్స్‌కీ మధ్య ఇరుక్కుని ‘అంబరవీధి ఆన్‌లైన్ పైలట్ ఇన్‌స్టిట్యూట్’ బోర్డు కనిపిస్తుంది. సరదాగా చిన్న విమానాలు నడుపుకోవాలనే ఔత్సాహికులకు ఇంట్లో కూర్చోబెట్టి తర్ఫీదు ఇస్తారు. డెమో క్లాసు ఉచితం. ఇన్‌స్టిట్యూట్‌లో విమానం లేదు. అంత ఇరుకు సందులో ఎక్కడ పెడతారు చెప్పండి, బండి పెట్టడానికే చోటు లేదాయె!

మా వీర్రాజు గారు చేరింది అందులోనే. వీర్రాజు గారికి పంజాగుట్ట ఫ్లైఓవర్ పక్కన కుళాయిలు, సింకులు అమ్మే షాపు ఉంది. మా ఇంట్లో కారే కుళాయిలన్నీ ఆయన అమ్మినవే కాబట్టి మాది పాత స్నేహం.

ఆయనది గోదావరి వైపు పల్లెటూరు. చిన్నప్పుడు పొలాల మీద మందు చల్లడానికి ఒక బుల్లి విమానం వచ్చిందట. దాని వెనకాల పరుగెత్తి, గట్టు తట్టుకుని బోర్లా పడ్డారు. గడ్డం కింద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. రోజూ గడ్డం గీసుకునేటప్పుడు ఆ మచ్చ దగ్గర బ్లేడు కాసేపు ఆగుతుందని ఆయన భార్య జానకీదేవి గారు చెప్పారు.

ఆయన కోరిక పెద్దదేం కాదు. ఉద్యోగం అక్కర్లేదు, జనాన్ని ఎక్కించుకుని దేశాలు తిప్పక్కర్లేదు. ఇద్దరు కూర్చునే చిన్న విమానంలో, ఒక్కసారి, తన చేత్తో ఆకాశంలో నడపాలి. ఇన్నేళ్లుగా సింకులు అమ్ముతూ ఆయన దాచుకున్న ఆశ అది ఒక్కటే.

అంబరవీధిలో పాఠం చెప్పేది కెప్టెన్ రాఘవేందర్. తెల్ల చొక్కా, భుజాల మీద బంగారు రంగు పట్టీలు, వెనకాల కదిలే మేఘాలు. ఆ మేఘాలు కూడా ఆన్‌లైన్‌లో దించుకున్నవే.

వీర్రాజు గారు షాపులో కూర్చుని, ఫోను సింకుకు ఆనించి, పాఠాలన్నీ డబుల్ స్పీడులో చూశారు. పైలట్ కావడానికి సగం టైము చాలినప్పుడు మొత్తం టైము ఎవరు పాడు చేసుకుంటారు? విమానం ఎక్కే ముందు దాని చుట్టూ తిరిగి ఎలా పరీక్షించాలో చెప్పే పాఠం ఉంది. సాగదీశాడని దాన్ని దాటేశారు. టీచరూ విద్యార్థీ విమానాన్ని ఒకరి చేతిలోంచి ఒకరు ఎలా అందుకోవాలో చెప్పే పాఠం ఉంది. అప్పుడే కస్టమర్ వచ్చాడు.

ప్రాక్టీసుకు ఫోన్లో ఒక యాప్ ఇచ్చారు. వేలితో విమానం ఎగరేయడం, దించడం. వీర్రాజు గారి విమానం మొదట్లో రోజూ పొలాల్లోకి దిగేది. వాట్సాప్ గ్రూపులో అడిగితే కెప్టెన్ స్వయంగా ఫోన్ చేశాడు.

“సార్, పైన కుడి మూలకు సెట్టింగ్స్ ఉంటయ్. అండ్ల గాలి ఆఫ్ చేసుకోండ్రి. మస్తు స్మూత్‌గ దిగుతది. సర్టిఫికెట్‌కు గాలి అడగరు.”

అంతే! గాలి ఆఫ్ చేశాక వీర్రాజు గారి విమానం వెన్నలో కత్తిలా దిగింది. దేవుడికి ఇన్ని యుగాల్లో తట్టని సదుపాయం అమీర్‌పేటలో ఒక్క బటన్‌తో చేసిపెట్టారు. బ్యాచ్‌లో అందరూ గాలి ఆఫ్ చేసుకున్నవాళ్లే, అందరూ ఫస్ట్ క్లాసే.

సర్టిఫికెట్ రాగానే షాపు బోర్డు మారింది: ‘కెప్టెన్ వీర్రాజు శానిటరీస్’. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని ఎవరో ఓర్వలేనివాళ్లు అన్నారు. జానకీదేవి గారు మాత్రం విమానం ఎక్కేది ఎప్పుడని అడిగారు. అది ఉత్త ఫార్మాలిటీ అని ఆయన కొట్టిపారేశారు.

ఆ ఫార్మాలిటీ కోసం ఒక ఆదివారం పొద్దున్నే ఊరి బయట ఒక చిన్న రన్‌వేకి వెళ్లారు. తోడుగా జానకీదేవి గారు, ఆవిడ చేతిలో పులిహోర డబ్బా. అక్కడ నిజం విమానాల మీద నేర్పే ఉదయలక్ష్మి గారు ఉన్నారు. ఈ కాలానికి పనికిరాని మనిషి. విద్యార్థిని పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కొక్కరికి విడివిడిగా నేర్పుతారట. ఆవిడ ఏడాదంతా కష్టపడి నేర్పేంత మందికి అంబరవీధి ఒక్క లింకు పంపి నేర్పేస్తుంది.

విమానం చుట్టూ తిరిగి చూడమని ఆవిడ అన్నారు. వీర్రాజు గారు ఒక చుట్టు తిరిగి వచ్చి, రంగు బాగుందన్నారు. ఆవిడే వంగి, రెక్కల బోల్టులన్నీ చేత్తో తడిమి చూసుకుని ఎక్కించుకున్నారు.

విమానం పరుగెత్తింది, లేచింది. చక్రాల కింద నేల మెల్లగా జారిపోయింది. గట్టు మీద బోర్లాపడిన పిల్లాడు ఇన్నేళ్లకు ఆ గట్టు దాటాడు. వీర్రాజు గారికి ఏడుపొచ్చింది. ఇక్కడ నేను వెటకారం చేయలేను, క్షమించండి.

పైకి వెళ్లాక, నిలకడగా పట్టుకోమని ఆవిడ విమానాన్ని ఆయన చేతికిచ్చారు. కాసేపు బాగానే ఉంది. అప్పుడు గాలి వచ్చింది.

పెద్ద గాలేం కాదు. మన బాల్కనీల్లో ఆరేసిన బట్టలను ఊపే గాలే. విమానం ఒక పక్కకు ఒరిగింది. వీర్రాజు గారి ఎడం చెయ్యి విమానాన్ని తిప్పే కర్రను బిగించి పట్టుకుంది. కుడి చెయ్యి లేచి, ముందున్న అద్దం మీద పైన కుడి మూల తడమడం మొదలుపెట్టింది. అక్కడ అద్దం తప్ప ఏమీ లేదు. ఆయన వేలితో నొక్కుతూనే ఉన్నారు.

“నా కంట్రోల్,” అన్నారు ఉదయలక్ష్మి గారు. ఆ మాట వినగానే చేతులు తీసేయాలి. ఆ పాఠం జరుగుతున్నప్పుడే కదా షాపుకు కస్టమర్ వచ్చింది! ఆయన ఇంకా గట్టిగా పట్టుకున్నారు. విమానం ముక్కు కిందికి వాలింది, పొలాలు పెద్దవవుతున్నాయి. ఆవిడ ఆయన మణికట్టు మీద ఒక్క దెబ్బ వేసి, ఆ చేతిని ఊడబెరికి, విమానాన్ని లేపారు.

దిగాక వీర్రాజు గారు విమానం రెక్క పట్టుకుని నిలబడ్డారు. జానకీదేవి గారు పులిహోర మూత తీసి, మళ్లీ పెట్టేశారు. వచ్చే ఆదివారం మళ్లీ రావచ్చా అని ఆయన అడిగారు.

“మీకేమీ రాకపోతే రేపే మొదలుపెట్టేదాన్నండీ,” అన్నారు ఉదయలక్ష్మి గారు. “మీ చేతులు తప్పు నేర్చుకున్నాయి. అది పోయేదాకా మిమ్మల్ని ఎక్కించుకోను. నాకూ ఇంట్లో మనుషులున్నారు.”

మర్నాడు వీర్రాజు గారు అమీర్‌పేట వెళ్లారు. మెట్లెక్కుతూ తిట్లన్నీ వరసగా పేర్చుకున్నారు. కెప్టెన్ రాఘవేందర్ భుజం పట్టీలు తీసి బల్లమీద పెట్టి ఉప్మా తింటున్నాడు. తిట్లన్నీ ఓపిగ్గా విన్నాడు. అయ్యాక లేచి తలుపు దగ్గరగా వేశాడు.

“సార్, ఒక్క మాట అడుగుత, ఏమనుకోకండ్రి. చక్రాలు నేల ఇడిసినప్పుడు ఎట్లుంటది?”

వీర్రాజు గారు బల్లమీది భుజం పట్టీల వైపు చూశారు. “నువ్వెప్పుడూ ఎక్కలేదా?”

“లే సార్. మాకు చెప్పిన సార్ సుత ఎక్కలే.”

ఇందులో ఆశ్చర్యం ఏముంది? పోయిన బ్యాచ్‌లో విన్నవాడు ఈ బ్యాచ్‌కి చెప్పడం అమీర్‌పేట ఆచారం. ఆ లెక్కన ఇప్పుడు ఆ ఇన్‌స్టిట్యూట్ మొత్తంలో విమానంలో కూర్చున్నది వీర్రాజు గారొక్కరే. అందుకే రాఘవేందర్ అప్పటికప్పుడు ఆయనకు ఫ్యాకల్టీ ఉద్యోగం ఇచ్చేశాడు. రియల్ టైమ్ ఎక్స్‌పీరియెన్స్ అంటే మాటలా!

ఉద్యోగం వద్దన్నారు వీర్రాజు గారు. ఒక్క వీడియోకి మాత్రం ఒప్పుకున్నారు. జరిగింది జరిగినట్టు చెబుతానన్నారు. కెమెరా ముందు కూర్చుని అన్నీ చెప్పారు: నేల జారిపోవడం, ఏడుపు రావడం, గాలి, అద్దం మీద తన వేలు, మణికట్టు మీద దెబ్బ. ఈ పాఠాలు చూసి ఎవరూ ఎగరొద్దని, ముందు రన్‌వేకి వెళ్లమని చేతులు జోడించి చెప్పారు. ఇంకొకడి చెయ్యి అలా బిగుసుకుంటే ఈసారి పక్కన ఉదయలక్ష్మి గారు ఉండకపోవచ్చునని ఆయన భయం.

రెండు రోజుల తర్వాత రాఘవేందర్ ఫోన్ చేశాడు. “వీడియో మస్తుగొచ్చింది సార్. గాలి ముచ్చట ఒక్కటి తీసేసిన. జనం భయపడతరు.”

ఇప్పుడు ఆ వీడియోలో చక్రాలు నేల విడుస్తాయి, వీర్రాజు గారు కళ్లు తుడుచుకుంటారు, చేతులు జోడిస్తారు. అంతటితో అయిపోతుంది. కింద ‘మా విద్యార్థి ఆనందబాష్పాలు’ అని రాశారు. తీసేయమని ఆయన ఎన్నిసార్లు అడిగినా కెప్టెన్ బొటనవేలు బొమ్మ పంపిస్తున్నాడు. లక్షలమంది చూశారు, చాలామంది డబుల్ స్పీడులో.

షాపు బోర్డు మీద ‘కెప్టెన్’ అన్నచోట వీర్రాజు గారు సున్నం కొట్టించారు. ఆదివారాలు రన్‌వేకి వెళ్తున్నారు. ఉదయలక్ష్మి గారు విమానం ఎక్కనివ్వరు. రన్‌వే పక్కన స్తంభానికి కట్టిన, గాలికి ఊగే గుడ్డ గొట్టం కింద నిలబెట్టి, గాలి ఎటునుంచి వస్తోందో చెప్పమంటారు. తప్పు చెబితే మళ్లీ చెప్పమంటారు. చెప్పాను కదా, పాతకాలం మనిషి.

కాబట్టి పాఠక మహాశయులారా, నేర్చుకోవాలనుకుంటే త్వరపడండి. అంబరవీధిలో ఈ బ్యాచ్ నిండిపోయింది, వచ్చే బ్యాచ్‌కి కూడా జనం మెట్ల మీద నిలబడ్డారు. ఉదయలక్ష్మి గారి విమానంలో ఆవిడ పక్క సీటు మాత్రం మొన్న ఆదివారం కూడా ఖాళీగానే ఉంది. దానికోసం అక్కడ నిలబడి ఉన్నది వీర్రాజు గారొక్కరే.